నీడలో నాటిన కర్ర

"తినమని నేను బతిమాలను. ఆకలేస్తే ఆయనే వస్తాడు. కడుపుకి రోషం ఉండదు," అన్నాను వంటింట్లోంచి, ఇల్లంతా వినపడేలా.

హాల్లో ఉన్నది మా ఆయన ఒక్కడే. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అది నిన్నటి పేపరు.

"వినపడిందా?" అన్నాను.

"నాకు వినపడితే ఏం లాభమే? వినపడాల్సిన ఇద్దరూ తలుపులేసుకున్నారు."

"మీరెళ్లి చెప్పచ్చుగా."

"మీ నాన్నకి నేను చెప్పేదేంటి! అల్లుణ్ని. బాగుండదు."

"మరి మీ కూతురికి?"

"దానికి నిన్న నువ్వు చెప్పావుగా. ఇంకా ఏమన్నా మిగిలిందా?"

మా ఆయనకి నోట్లో నాలుక లేదని చుట్టాలందరూ అంటారు. ఎందుకు లేదూ, ఉంది. ఎప్పుడో ఒకసారి బయటికి తీస్తాడు. తీసినప్పుడు మాత్రం తగలాల్సిన చోటే తగులుతుంది. టీ గ్లాసు ఆయన ముందు టక్కున పెట్టి మళ్లీ వంటింట్లోకి వచ్చేశాను.

అవును, చెప్పాను. నిన్న సాయంత్రం ఆ కుర్రకారంతా వెళ్లిపోయాక పెరట్లో నిలబడి మా నాన్న మొహం మీదే అన్నాను. "నీ ఖాళీ బెంచీ నింపుకోడానికి నా పిల్లే దొరికిందా? ఊళ్లో ఎవరి పిల్లలూ రాకపోతే సొంత మనవరాలికే గాలం వేస్తావా?" అన్నాను.

ఆయన దుర్బిణీ తీసి పెట్టెలో పెట్టాడు. పెట్టె కొక్కేలు రెండూ వేశాడు. మూడు కాళ్ల స్టాండు మడిచి హాల్లో గోడకి ఆనించాడు. గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అంతే, అప్పట్నించి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

తిట్టినా బాగుండేది.

మా నాన్న సర్వేయరు. ఈ చుట్టుపక్కల ఆయన కొలత గొలుసు పరవని నేల లేదు. రిటైరై ఇన్నేళ్లయినా ఊరికి ఆయన గొలుసు తాతే. ఊరి చివర శిక్షణ బడిలో సర్వే క్లాసు చెప్తాడు. ఒకప్పుడు ఆ గది కిటికీల దాకా నిండేదట. ఇప్పుడు బెంచీల మీద దుమ్ము ఆయనే తుడుచుకుంటున్నాడు.

పాపం, తిరగని చోటు లేదు. భుజాన గొలుసు వేసుకుని హైస్కూళ్లకి వెళ్లాడు, టీ కొట్ల దగ్గర నిలబడ్డాడు, సాయంత్రం మైదానంలో బంతాట ఆడుకునే పిల్లల మధ్యకీ వెళ్లాడు. "రండ్రా, నేలని చదవడం నేర్పిస్తాను," అంటాడు. "ఫోన్లో మ్యాపుంది కదా తాతా, ఇంక కొలవడం దేనికి?" అంటారు వాళ్లు. "ఆ మ్యాపు ఎవడు కొలిస్తే వచ్చిందిరా సన్నాసీ?" అంటాడు ఈయన. వాళ్లు నవ్వేసి ఆటలో పడతారు.

బడి పెద్దాయన తేల్చి చెప్పేశాడు. ఇవాళ సాయంత్రానికి ఇంకొక్కరన్నా చేరకపోతే క్లాసు మూసేసి, ఆ గది ఫోన్ల రిపేరు నేర్పేవాళ్లకి ఇస్తారు.

ఆ ఒక్కరూ నేనే అంది నా కూతురు. ఇంట్లో యుద్ధం మొదలైంది అక్కడే.

దాన్ని అందరం పిట్ట అంటాం. చిన్నప్పుడు సన్నగా ఉండి ఎప్పుడూ ఎత్తున ఎక్కడో కూర్చునేది. దానికి లెక్కల ఆఫీసు కోర్సులో సీటు చూసి పెట్టాను. నీడపట్టున కుర్చీ, పైన ఫ్యాను, సాయంత్రానికి ఇల్లు. ఏ తల్లి అయినా ఇంతకంటే ఏం కోరుతుంది? అది మాత్రం, "ఎండలో తిరుగుతానమ్మా," అంది, సినిమాకి వెళ్తానన్నంత తేలిగ్గా.

నిన్న మా నాన్న ఆఖరి ప్రయత్నంగా కొంతమంది కుర్రాళ్లనీ అమ్మాయిల్నీ ఇంటికి పిలిచి టీ ఇచ్చాడు. పెరట్లో దుర్బిణీ నిలబెట్టాడు. "అదిగో ఆ గోడ చూడండి," అన్నాడు, మాకూ పక్కింటి టైలరుకీ మధ్యనున్న గోడని చూపించి. "ఈ ఇల్లు కట్టకముందు ఆ హద్దు గీత నేనే తీశాను. దేవుడు సృష్టించిన లోకంలో తిన్నటి గీత అంటూ లేదు. మనిషి గీస్తేనే వస్తుంది. చూడవే పిట్టా, ఎలా ఉందో వీళ్లకి చెప్పు."

పిట్ట కన్ను ఆనించింది. అద్దం తుడిచి మళ్లీ చూసింది. ఇంకోసారి తుడిచింది.

"తాతయ్యా," అంది. "మధ్యలో వంపుంది."

"ఎటు?"

"మనవైపుకి. ఒక అడుగు ఉంటుంది."

 వెనకనించి ఒక పొడుగాటి కుర్రాడు, "దీపం కిందే చీకటంటే ఇదేరా," అన్నాడు. అందరూ ఒక్కసారి నవ్వారు. టీలు తాగారు. ఆలోచించుకుని చెప్తామన్నారు. ఆలోచించుకుని చెప్తామన్నవాళ్లు మళ్లీ వచ్చిన దాఖలా నా జన్మలో లేదు.

ఆ రభస అయ్యాకే నేను నోరు పారేసుకున్నది. పిట్టేమో రాత్రి నా మంచం దగ్గరికి వచ్చి, "నేను సర్వేలో చేరనమ్మా. నువ్వన్న కోర్సుకే వెళ్తాను," అని చెప్పి పోయింది.

అంటే నేను గెలిచాను. గెలిచినదానికి హాయిగా ఉండాలి కదా. పొద్దున్నించీ గుక్కెడు టీ దిగలేదు నాకు.

* * *

వెనకగది తలుపు కొట్టాను.

"గడియ లేదమ్మా, రా," అంది పిట్ట.

మంచం మీద బోర్లా పడుకుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. పక్కన కూర్చున్నాను. ఓదార్చడం నాకు చేతకాదు. అందుకని తిట్టడంతోనే మొదలుపెట్టాను.

"నేను ఎంత వద్దన్నా సర్వేలోనే చేరతానన్నావు. ఇప్పుడు నేను చెప్పిందే చేస్తానని ఈ ఏడుపేంటి?"

"ఏడవట్లేదు."

"మరి ఆ తలగడ ఎవరు తడిపారు?"

అది లేచి కూర్చుంది. "అమ్మా, నేనే తాతయ్య క్లాసు మూయించాను. కాస్త ఆగి, వాళ్లు వెళ్లాక చెప్పొచ్చుగా. వంపు కనపడగానే నోట్లోంచి వచ్చేసింది."

"నిజమాడితే నిష్ఠూరమే మరి."

"అదే నేనూ అనుకుంటున్నా. రోజూ ఇదే కదా ఆ పని? ఎవరో ఒకరి దగ్గరకెళ్లి నీ గోడ వంకర, నీ గట్టు జరిగింది అని చెప్పడమే కదా? మొదటిది మా తాతయ్యకే చెప్పాను. ఆయన మొహం చూశావా నువ్వు? నావల్ల కాదమ్మా. నాకంత గుండె లేదు."

అలాగే అననివ్వాల్సింది నేను. నా పని సులువైపోయేది. కానీ నా నోరు ఊరుకుంటే కదా.

"అసలెందుకు చేరాలనిపించింది నీకు?"

పిట్ట మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. "ఒకసారి తాతయ్యతో వాగు అవతలికి వెళ్లాను గుర్తుందా? దుర్బిణీలోంచి చూస్తే అవతల కొలత కర్ర పట్టుకున్న మనిషి గడ్డం గీసుకోలేదని కూడా తెలిసిపోయింది. అదీ ఆ పాత దుర్బిణీలో మనిషి తలకిందులుగా కనపడుతుంటే! అంత దూరంలో ఉన్నవాడు నేను ఇలా చెయ్యి ఊపితే అలా జరిగాడు. అరుపు లేదు, కేక లేదు. చెయ్యి ఊపితే జరిగాడు. చేతులు దించితే కర్ర నాటాడు." అని ఊపిన చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. "ఆఫీసులో నేను చెయ్యి ఊపితే ఎవరు జరుగుతారమ్మా?"

"ఫ్యాను తిరుగుతుంది," అన్నాను.

నవ్వొస్తుందనుకున్నాను. రాలేదు. మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది.

* * *

హాల్లో ఆ మూలన స్టాండు గోడకి ఆనుకుని ఉంది. దాన్ని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లుమంట. నా చిన్నతనమంతా దాని నీడలోనే గడిచింది మరి.

మా నాన్న పట్టిన కుందేలుకి మూడే కాళ్లు, ఆయన స్టాండుకీ మూడే కాళ్లు. ఎక్కడ కొలతలుంటే అక్కడికి సామాను కట్టేవాడు. ఏటా కొత్త బడి, ఏటా కొత్త స్నేహితురాలు. బడిలో నాకు పాటకి బహుమతి వచ్చిన రోజు అందరి నాన్నలూ వచ్చారు. మా నాన్న ఏదో కొండ చుట్టూ తిరుగుతున్నాడు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఆయన కర్ర జన్మలో ముట్టుకోనని. ముట్టుకోలేదు కూడా.

అయినా ఆ ఇనప గొలుసూ తడిసిన గోనెసంచీ కలిసిన వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది. ఆ వాసనంటే నాన్న ఇంటికొచ్చాడన్నమాట. చెప్పుల నిండా ఎర్రమట్టి. మెడ వెనకాల ఎండకి కమిలిన గీత. స్టాండు కాళ్లు విప్పి, పైన అమ్మ చీర కప్పి, నాకు గుడారం వేసేవాడు. నేను అందులో దూరి కూర్చుంటే బయట్నించి చిటికెన వేలితో తలుపు కొట్టేవాడు.

ఇక అమ్మ బతికున్న రోజుల్లో అమ్మా నాన్నల చేతి సైగలు చూసి తీరాల్సిందే. పొలాల్లో సర్వేవాళ్లు కేకలు వెయ్యరు, దూరానికి వినపడవు. చేతులే మాట్లాడతాయి. చెయ్యి జోరుగా ఊపితే బాగా జరగమని. మెల్లిగా ఊపితే కొంచెం జరగమని. రెండు చేతులూ తలపైకెత్తి కిందికి దించితే, సరిపోయింది, నాటేయ్ అని. ఆ భాషే మా ఇంట్లోనూ నడిచేది. వీధి చివర నాన్న కనపడగానే అమ్మ గుమ్మంలోంచి చెయ్యి ఊపేది, పక్క సందులో కొట్టుకి వెళ్లి ఉప్పు తెమ్మని. అన్నం ఉడకగానే రెండు చేతులూ ఎత్తి దించేది. ఇరుగుపొరుగు వాళ్లు మా అమ్మకి పిచ్చనుకునేవారు.

సెలవులకి ఈ ఇంటికి వచ్చినప్పుడు పోట్లాటొస్తే మాత్రం సైగలు కూడా ఉండేవి కావు. అమ్మ తిన్నగా పెరట్లోకి వెళ్లి, ఆ గోడ మధ్యలో చెయ్యి ఆనించి నిలబడేది. అంతే! ఎంత కోపంలో ఉన్నా మా నాన్న చప్పబడిపోయేవాడు. ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

కిటికీలోంచి చూస్తే, ఎప్పుడు తలుపు తీసుకుని వెళ్లాడో, ఆయన ఆ గోడ దగ్గరే ఉన్నాడు. అమ్మ నిలబడే చోటే నిలబడి, చెయ్యి గోడకి ఆనించి ఉన్నాడు.

మంచినీళ్ల గ్లాసు పట్టుకుని బయటికి వెళ్లాను.

"ముందు ఇది తాగు. తర్వాత అలుగుదువుగాని."

"అలగలేదమ్మాయ్. సిగ్గేసింది." గ్లాసు తీసుకున్నాడు కానీ తాగలేదు. "నువ్వన్నది నిజమేనేమో. క్లాసు కోసం పిల్లనడిగానో, పిల్ల కోసమే క్లాసు నడిపానో నాకే తెలియట్లేదు."

"నిన్న నేనేదో కోపంలో..."

"కోపంలో అన్నా అన్నది తప్పు కాదు."

ఇదుగో, ఇదీ మా నాన్నతో వచ్చిన చిక్కు. క్షమాపణ చెప్పుకోనివ్వడు. నేనూ గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"నాన్నా, ఈ వంపు సంగతి నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"గోడ లేవకముందునించీ."

"మరి తెలిసి తెలిసీ అంతమంది ముందు పిల్లని చూడమన్నావా?"

"ఇన్నేళ్లలో ఎవరూ చూడలేదు. నేనూ చూడ్డం మానేశాను. చూడకపోతే ఏదైనా తిన్నగానే ఉంటుంది." గోడ మీద చెయ్యి రాశాడు. "అది కనిపెట్టింది. కనిపెట్టి, నా మొహం చూసి కూడా చెప్పింది. అంతకంటే సర్వేయరు ఎక్కడ దొరుకుతాడే నాకు?"

చెప్తుంటే ఆ ముసలి మొహం వెలిగిపోయింది. పరువు పోయినందుకు ఇంత మురిసిపోయే మనిషిని నేను మాత్రం ఎక్కడా చూడలేదు.

"ఇంతకీ వంపు ఎలా వచ్చింది?"

 టైలరు మిషను చప్పుడు గోడ అవతల్నించి వినపడుతోంది.

"ఆ రోజు కర్ర పట్టే మనిషి రాలేదు. మేస్త్రీ ఏమో గీత చూపించమని కూర్చున్నాడు. నేను పడతానంది మీ అమ్మ. అప్పుడు నువ్వు కడుపులో ఉన్నావు."

"ఎన్నో నెల?"

"నెల గుర్తులేదు, ఎండ గుర్తుంది. ఇదుగో, సరిగ్గా ఇక్కడొక చెట్టుండేది. ఇంత నీడ. ఆ నీడలో నిలబడింది. అటు ఎండలోకి జరగమని చెయ్యి ఊపాను. జరిగింది. మళ్లీ ఊపాను. జరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. ఇంకా అడుగు జరగాలి. ఆ దుర్బిణీలో మనుషులు తలకిందులుగా కనపడతారు కానీ, మొహం మాత్రం దగ్గరగా కనపడుతుంది కదమ్మాయ్. చెమట కారుతోంది. పెదవి కొరుక్కుంటోంది. నాకు చెయ్యి ఊపబుద్ధి కాలేదు. రెండు చేతులూ ఎత్తి దించేశాను. ఆ చోటే కర్ర నాటేసి నీడలో కూర్చుంది."

"అమ్మకి తెలుసా?"

"తెలియకపోవడమేంటి! మీ అమ్మకి నాకంటే ముందే తెలుసు. 'సర్వేయరుగారూ, గీత వంకరపోయింది,' అంది ఆ సాయంత్రమే. అప్పట్నించీ ఎప్పుడు పోట్లాట వచ్చినా ఇక్కడికొచ్చి నిలబడేది. ఇంక నేనేం మాట్లాడతాను?"

 ఇన్నేళ్లూ నా చిన్నతనాన్ని ఈయన ఎండకి తాకట్టు పెట్టాడని ఆడిపోసుకున్నాను. నేను పుట్టకముందే నా కోసం ఒక అడుగు నేల వదులుకుని గోడ కట్టుకున్నాడీయన. ఏడుపొచ్చింది. ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

"ఇది పిట్టకి చెప్పు నాన్నా. చేరుతుంది."

"చెప్పను. నువ్వూ చెప్పకు. వింటే జాలిపడి చేరుతుంది. జాలితో వచ్చినవాళ్లు ఎండలో నిలబడలేరు." గ్లాసులో నీళ్లు ఇప్పుడు తాగాడు. "క్లాసు పోతే పోనీలే అమ్మాయ్. పిల్ల మనసుకి నచ్చిందే చెయ్యనీ."

అవతల మిషను ఆగింది. గోడ మీదుగా టైలరు బాబాయ్ తల కనపడింది, మెడలో కొలత టేపుతో.

"అన్నగారూ, నేనేం వినలేదు," అన్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే. "ఏం వినలేదు బాబాయ్?" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"వంపు సంగతి. నిన్న కూడా వినలేదు. అంటే... నా మిషను ఆ వంపులోనే ఉందమ్మా. పెళ్లయిన కొత్తలో పెట్టాను. కన్ను మూసినా సూదిలో దారం ఎక్కించగలను ఇక్కడ. ఇంకోచోట నా చెయ్యి ఆడదు. జరపమంటారేమోనని నిన్నట్నించీ నాకు ముద్ద దిగట్లేదు."

ఈ గోడకి అటూ ఇటూ అన్నం తిన్నవాడు ఒక్కడూ లేడన్నమాట.

"గీత గీతే, మనుషులు మనుషులే," అన్నాడు మా నాన్న. "గీత ఎక్కడుందో చెప్పడం వరకే నా పని. తెలిశాక ఎవరెక్కడ కూర్చోవాలో ఇరుగుపొరుగు మాట్లాడుకుంటారు. నీ మిషను ఎక్కడికీ కదలదు."

"మాటేనా?"

"ఇది కూడా కొలిచి చూపించమంటావా ఏంటి?"

టైలరు బాబాయ్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఒక్క మాటకి ఆయన మొహం తేటపడటం చూశాను. పిట్ట రాత్రంతా దేనికి భయపడిందో, దానికి జవాబు ఇదే అనిపించింది. కానీ ఇది దాని చెవిలో చెప్తే ఎక్కదు.

లోపలికి వెళ్లాను. మా నాన్న గదిలో మంచం కింద ఎరుపు తెలుపు పట్టీల కర్రలు ఉంటాయి. ఒకటి బయటికి లాగాను. చేతికి చల్లగా తగిలింది. ఒట్టు గట్టున పెట్టేసినట్టే.

* * *

"లే," అన్నాను వెనకగదిలోకి వెళ్లి.

పిట్ట కర్రని చూసింది, నన్ను చూసింది. "కొడతావా?"

"కొట్టాలంటే గరిట చాలు. దుర్బిణీ పెట్టు. గోడ గీత నువ్వు తియ్యాలి."

"ఎందుకమ్మా ఇప్పుడు? అయిపోయిందిగా."

"ఒక్కసారి తియ్యి. తీసి, ఇది నా పని అనిపిస్తే రెండు చేతులూ దించు. సాయంత్రంలోగా నేనే నిన్ను తీసుకెళ్లి ఆ బడిలో చేర్పిస్తాను. అనిపించకపోతే స్టాండు మడిచి తాతయ్యకి ఇచ్చెయ్. ఆయన ఏం అనుకోడు. ఏది చేసినా ఇక మీదట నేను నోరెత్తను."

"నువ్వా! నోరెత్తవా!" అంది. హాల్లోంచి మా ఆయన కూడా పేపరు దించి చూశాడు.

"కర్ర ఎవరు పట్టుకుంటారు?" అంది పిట్ట.

"కనపడట్లేదా?"

ఇంకేం అడగలేదు. పెట్టె తీసుకుని బయటికి నడిచింది.

వీధివైపు హద్దురాయి మీద స్టాండు నిలబెట్టింది. కాళ్లు తొక్కి గట్టిచేసింది. పెరటి చివరి హద్దురాయి దగ్గర వాళ్ల నాన్న చేత ఒక కర్ర పాతించింది. అల్లుడికి ఈ ఇంట్లో సర్వే పని తగలడం అదే మొదలు. మా నాన్న అటు రాలేదు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని, మాకు వీపు పెట్టి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

నేను గోడ మధ్యలో, మా వైపు, సన్నటి నీడలో నిలబడ్డాను. కర్ర నిట్టనిలువుగా పట్టుకున్నాను. ఎవరు నేర్పారో, చేతులకి తెలుసు.

పిట్ట కన్ను ఆనించింది. చెయ్యి జోరుగా ఊపింది. అటు జరుగు అని.

"గోడుందే! ఎటు జరగను?" అని అరిచాను.

మళ్లీ ఊపింది, ఇంకా జోరుగా.

చచ్చినట్టు వీధిలోంచి చుట్టూ తిరిగి టైలరు బాబాయ్ పెరట్లోకి వెళ్లాను. మిషను మీద ఎండ పడకుండా పాత దుప్పటి ఒకటి కట్టుకున్నాడాయన. దుర్బిణీకి అది అడ్డం.

"దుప్పటి విప్పాలి బాబాయ్."

"ఎండమ్మా."

"తెలుసు."

విప్పాడు. ఎండ నెత్తిన పడింది. గోడ ఛాతీ ఎత్తే. దాని మీదుగా పిట్ట కనపడుతోంది. చెయ్యి మెల్లిగా ఊపింది. జరిగాను. మళ్లీ ఊపింది. జరిగాను. చెమట కళ్లలోకి దిగింది. మోకాలు సలుపుతోంది. నాకు తెలియకుండానే నడుం మీద చెయ్యి పెట్టుకున్నాను.

అప్పుడు చూసుకున్నాను నా చెయ్యి ఎక్కడుందో. ఆ పాత దుర్బిణీలో, నా కూతురి కంట్లో, ఇప్పుడు తలకిందులుగా నేను. పెదవి కొరుక్కుంటూ. అచ్చం మా అమ్మే.

పిట్ట తల పైకెత్తింది. నన్ను నేరుగా చూసింది. దాని మొహంలో జాలి అంత దూరం నుంచి కూడా కనపడింది. ఇక దించేస్తుంది, వాళ్ల తాతలాగే దించేస్తుంది అనుకున్నాను.

మళ్లీ కన్ను ఆనించింది. చెయ్యి ఊపింది. ఇంకా.

మా అమ్మని ఈ ఆఖరి అడుగు జరగమనలేకపోయాడు మా నాన్న. నా కూతురు నన్ను జరగమంటోంది. జరిగాను. కర్ర కింది మొన మిషను చక్రానికి తగిలి టింగుమంది.

"అమ్మాయ్, ఇదేనా గీత?" అన్నాడు టైలరు బాబాయ్ గుసగుసగా.

"నాకేం తెలుసు బాబాయ్? అది చెప్పాలి."

పిట్ట దుర్బిణీ వదిలి నిటారుగా నిలబడింది. రెండు చేతులూ మెల్లిగా తలపైకి లేచాయి.

అవి దిగితే ఏమవుతుందో నాకు తెలుసు. ఎండకి కమిలిన మెడ, ఏటా మూట కట్టే సామాను, అమ్మ రాలేదని బడిలో బిక్కమొహం వేసుకుని కూర్చునే ఒక పిల్ల. వారం రోజులుగా దానికి చెప్పినవన్నీ మళ్లీ నా గొంతులోకి వచ్చి నిలబడ్డాయి. ఒక్కటీ బయటికి రాలేదు. దించవే తల్లీ, దించు, అనుకుంటున్నాను నేను.

చేతులు పైనే ఉన్నాయి. దాని చూపు నా మీద లేదు. గేటు దగ్గర ఆ ముసలాయన వీపు మీద ఉంది. ఆయన ఒక్కసారి వెనక్కి తిరుగుతాడేమో, ఊ అంటాడేమో అని చూస్తోంది. ఆయన తిరగడు, పిల్లే తేల్చుకోవాలని. నాకు తెలుసు.

"అటు చూస్తావేంటే!" అని అరిచాను, వీధంతా వినపడేలా. "ఇటు చూడు! కర్ర పట్టుకున్నది నేను!"

పిట్ట నా వైపు తిరిగింది, ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచుకుని.